భుజం తట్టి పిలిచే ఇల్లు

మా చిన్నప్పుడు మా ఇంట్లో మగవాళ్ళను పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు... వెనక నుంచి వెళ్ళి భుజం తట్టేవాళ్ళం. సూరత్‌లో, లింబాయత్ గల్లీలో సాంచెల మీద బతికిన కుటుంబం మాది. పొద్దంతా ఆ మరమగ్గాల మోతలో నిలబడ్డవాళ్ళకు ఎంత అరిచినా వినిపించదు. తడితే మాత్రం టక్కున తిరుగుతారు.

నాన్న తమ్ముడు మల్లేశ్ కాకదీ అదే పని. కాకపోతే ఆయనకు బాక్సింగ్ పిచ్చి. ఆదివారం వస్తే నన్నూ అక్కనూ స్పోర్ట్స్ హాలుకు తీసుకెళ్ళేవాడు... ఒక పక్క ఆవనూనె వాసనతో పహిల్వాన్లు ఒకరినొకరు ఎత్తి కుదేస్తుంటే, ఇంకో పక్క తాళ్ళ మధ్య మా కాక. ఆ పహిల్వాన్ల బొజ్జలు చూస్తే మాకు నవ్వాగేది కాదు!

ఒక ఏడాది అక్కడ పెద్ద పోటీ పెట్టారు. గెలిచినవాణ్ణి పిల్లలకు నేర్పే పనిలో పెట్టుకుంటామన్నారు. అప్పటికే సాంచెల మోతకు కాకకు ఎడమ చెవి వినికిడి పోయింది.

"గిది గెలిస్తే మళ్ళ సాంచె మొకం చూడ వదినా... గీ ఒక్క చెవన్న మిగులుతది," అన్నాడు అమ్మతో.

"జర పైలం మల్లేశా," అంది అమ్మ.

మొదటి నుంచీ కాకదే పైచేయి. మేం గొంతు పోయేలా అరుస్తున్నాం. చివర్లో ఇద్దరూ అలసిపోయి ఒకరినొకరు పట్టేసుకున్నారు. అవతలివాడి గ్లౌజు కాక వీపు మీదుగా వచ్చి భుజానికి తగిలింది... మెల్లగా, ఎవరో పిలిచినట్టు.

కాక వెనక్కి తిరిగి చూశాడు.

అంతే... దెబ్బ సూటిగా కుడి చెవి మీద పడింది. పహిల్వాన్లు కూడా కుస్తీ ఆపేశారు. కింద పడ్డ కాక కళ్ళు తెరిచి, "ఎవలు పిలిచిన్రు?" అని అడిగాడు. ఎవరూ పిలవలేదని చెప్పాం. ఆయనకు వినిపించలేదు.

మళ్ళీ సాంచెల మీదికే వెళ్ళాడు. చెవులే లేనోణ్ణి ఆ మోత ఏం చేస్తుందని నవ్వేవాడు... ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. మేమంతా లింబాయత్ వదిలి కోసాడ్ క్వార్టర్‌కు మారాక కూడా, అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి వెనక్కి తిరిగేవాడు. వెనక గోడ తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఎవలు పిలిచిన్రు?"

ఆ పోటీ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆయన భుజం తట్టలేదు. ఎదురుగా వచ్చి నిలబడేవాళ్ళం. ఆయన పోయేదాకా అంతే... ప్రేమగా కూడా ఆ భుజం మీద చెయ్యి వేయలేకపోయాం.

ఇప్పుడు నా ఇంట్లో సాంచెల మోత లేదు. అయినా మా బాబు చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే... ఎంత పిలిచినా పలకడు. వెనక నుంచి వెళ్ళి చెయ్యి ఎత్తుతాను... సగంలోనే ఆగిపోతుంది. చుట్టూ తిరిగి వాడి ఎదురుగా నిలబడతాను.

"అరే మమ్మీ, ఆవాజ్ ఇయ్యొచ్చు గదా!" అంటాడు.

మీ ఇళ్ళలో ఒకరినొకరు ఎలా పిలుచుకునేవాళ్ళో రాయండి... పేరు పెట్టి పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉండటం ఎంత భాగ్యమో నాకు తెలుసు.