ప్రకాశం గారి మెత్తని తుపాకీ

ప్రకాశం గారి పాత తుపాకీ ముందుకు ఎంత కాల్చేదో వెనక్కీ అంతే కాల్చేది. ట్రిగ్గర్ నొక్కితే అటు పంది పడేది, ఇటు ఆయన పడేవారు. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తే ఆ సాయంత్రం వాళ్లదని స్నేహితుడు హెల్ముట్ నవ్వేవాడు. ఒకసారి ఆ తాపుకి కట్టుడుపళ్లు ఎగిరి మంచె కింద నాచులో పడ్డాయనీ, వాటిని ఒక నక్క ఎత్తుకుపోయిందనీ, ఆ చలికాలమంతా ఆ అడవిలో పళ్లికిలిస్తూ తిరిగింది ఆ నక్క ఒక్కటేననీ ప్రకాశం గారు చెప్పేవారు. పళ్లు కారు సీటు కింద దొరికాయని ఆయన భార్య ఏసుకుమారి చెప్పేది. వినేవాళ్లు నక్కవైపే ఉండేవారు.

ఆయనది పాలకొల్లు దగ్గర పల్లె. చిన్నప్పుడు చేలో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలిన మనిషి. నర్సు ఉద్యోగానికి జర్మనీ వచ్చిన ఏసుకుమారి వెనకాలే వచ్చి, బ్యోబ్లింగెన్ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. హెల్ముట్ అక్కడే పరిచయం. ఊరి పక్క అడవిలో వేట హక్కు కౌలుకి తీసుకున్నవాడు. అతని మాట మీద యాభై ఏళ్ల వయసులో ప్రకాశం గారు కుర్రాళ్ల మధ్య బల్ల మీద కూర్చుని, ఏ పిట్ట గుడ్డు ఏ రంగులో ఉంటుందో జర్మన్‌లో బట్టీపట్టి, వేటగాళ్ల పరీక్ష ప్యాసయ్యారు. హెల్ముట్ సంతోషించి, మొక్కజొన్న చేలు కనపడేలా అడవి అంచున ఉన్న చెక్క మంచెని ఆయనకి అప్పగించాడు. అన్నేళ్లు ఆ దేశంలో బతికిన మనిషికి, ఇది నాది అనిపించిన చోటు అదొక్కటే.

కరోనా మొదలైన ఏడాదే కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఎముక అతుక్కుంది కాని, భుజానికి భయం పట్టుకుంది. తుపాకీ ఆనించి ట్రిగ్గర్ మీద వేలు వేయగానే, ఇంకా పేలకముందే కళ్లు మూసుకుపోయేవి, గొట్టం కిందికి వాలిపోయేది. ఆ శరత్తులో అలాగే ఒక చిన్న ఆడజింకని కాల్చారు. గుండు తగలాల్సిన చోట తగల్లేదు. జింక ఒక్క కేక పెట్టి ముళ్లపొదల్లోకి పోయింది.

గాయపడ్డ జంతువుని వదిలి ఇంటికి పోవడం అక్కడి వేటగాళ్లలో నేరం కన్నా నీచం. ఆ రాత్రి చీకట్లో ఎంత వెతికినా దొరకలేదు. మర్నాడు తెల్లవారుతూనే హెల్ముట్ వాసన పట్టే కుక్కని తెచ్చాడు. పొదలో జింక ఇంకా బతికే ఉంది. హెల్ముట్ దాని బాధ తీర్చి, ఓక్ రెమ్మ ఒకటి విరిచి దాని నోట్లో పెట్టాడు. చివరి మేత అంటారు దాన్ని. ఆ రెమ్మ పెట్టాల్సింది వేటాడినవాడు. హెల్ముట్ దాన్ని ప్రకాశం గారి చేతికి ఇవ్వలేదు.

తిరిగొస్తూ కుక్కవైపు చూస్తూ అన్నాడు. "ప్రకాశ్, ఇంకొక్క జంతువు ఇలా రాత్రంతా బాధపడితే మంచె నీకు ఇవ్వలేను. నీతో ఈ మాట అనాల్సి వస్తుందనుకోలేదు."

"తప్పు తుపాకీది," అన్నారు ప్రకాశం గారు. "మెత్తనిది కొనుక్కుంటాను."

చలికాలమంతా దుకాణాలు మూసే ఉన్నాయి. ఆయన ఇంట్లో చీపురుకట్టని భుజానికి ఆనించి కళ్లు మూయకుండా సాధన చేశారు. ఏసుకుమారి తలుపు దగ్గర నిలబడి చూసేది.

"ఏవండీ, ఆ చీపురు తంతందా?"

"తన్నదు."

"మరి కళ్లెందుకు మూస్తన్నారు?"

ఆయన చీపురు మూల పెట్టేశారు.

వసంతంలో తుపాకుల దుకాణంలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికింది. దుకాణం ఫ్రౌ కెస్లర్ అనే ఆవిడది. తుపాకులు బాగుచేయడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుందట. ఇద్దరికీ మాస్కులు, మధ్యలో ప్లాస్టిక్ తెర. ఆయన కళ్లద్దాలు ఆవిరి పట్టి, గోడకున్న తుపాకులన్నీ పొగమంచులో చెట్లలా కనపడ్డాయి. అన్నిటికన్నా తేలికదాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"ఇది ఈకలా ఉందండీ. ఇదే ఇవ్వండి."

"ఈకలాంటి తుపాకీ గాడిదలా తంతుంది," అంది ఆవిడ. "బరువున్న తుపాకీ ఆ దెబ్బలో సగం తనే మింగేస్తుంది."

"బరువుదాన్ని మోస్తూ నిచ్చెనెక్కాల్సింది డెబ్బై నాలుగేళ్లవాడండీ."

"అయితే మధ్యరకం. తూటా చిన్నది చేద్దాం."

"అన్నిటికన్నా చిన్న తూటా ఏది?"

"అది జింకకి సరిపోతుంది. పందికి చట్టం ఒప్పుకోదు, గుండు లావు కనీసం ఆరున్నర మిల్లీమీటర్లు ఉండాలి. మీ మొక్కజొన్నలోకి వచ్చేది పందులే కదా?"

చివరికి ఆ ఆరున్నర దగ్గరే బేరం కుదిరింది. గొట్టం చివర సైలెన్సర్ బిగించింది. అది మోతనే కాదు, తాపునీ తగ్గిస్తుందట. భుజానికి ఆనే మడమకి మెత్తని రబ్బరు వేసింది. తుపాకులన్నీ జర్మన్ల పొడుగు చేతులకి చేసినవని, వెనక కర్రని రెండు వేళ్ల మందం కోస్తానంది. కోశాక ఆయన్ని వేట కోటు వేసుకునే రమ్మని, కళ్లు మూసి తుపాకీ భుజానికి ఎత్తమంది. ఇప్పుడు తెరవమంది. తెరిచేసరికి తుపాకీ మీది దుర్భిణీ నడిబొడ్డు సరిగ్గా ఆయన కంటికి ఎదురుగా ఉంది. పెళ్లిలో తెర దించినప్పుడు కూడా ఏసుకుమారి అంత తిన్నగా కనపడలేదని ప్రకాశం గారు తరవాత చెప్పేవారు. వాళ్లది చర్చి పెళ్లి, తెరే లేదు.

తుపాకీ ఇంటికొచ్చిన ఆదివారం ఏసుకుమారి దాన్ని కంప్యూటరు ముందు సోఫాలో కూర్చోబెట్టింది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా, కుక్కరైనా కారైనా, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించకుండా వాడడం ఆ ఇంట్లో లేదు. కరోనా వల్ల తెలుగు సంఘం ఆరాధన అంతా జూమ్‌లో. పాస్టరు జోనాథన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మిగతా రోజుల్లో బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే కుర్రవాడు. కార్లకి చేశాడు, పిల్లలకి కీటాలో, అంటే శిశు బడిలో, సీటు కోసం చేశాడు, వీసాలకి చేశాడు. తుపాకీకి ఎప్పుడూ చేయలేదు.

"అదేంటి ఆంటీ, సోఫాలో?"

"అంకుల్ గారి కొత్త తుపాకండి. మీరు పెద్ద మనసు చేసుకుని..."

జోనాథన్ ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత కళ్లు మూసుకుని, కార్ల మీద అలవాటైన దారినే సాగిపోయాడు. "ప్రభువా, ఈ తుపాకీని నీ చేతులకి అప్పగిస్తున్నాం. ఇది వెళ్లిన ప్రతిచోటి నుంచీ క్షేమంగా తిరిగి రావాలి తండ్రీ. దీనివల్ల ఏ ప్రాణికీ చిన్న గాయమైనా కాకుండా కాపాడు నాయనా."

జర్మనీ నలుమూలల నుంచీ ఆమెన్‌లు మోగాయి. అందరికన్నా గట్టిగా అన్నది ప్రకాశం గారే. యాభై ఏళ్ల అలవాటు, నోరు ముందు అనేసింది. ఏమన్నారో చెవులకి తరవాత చేరింది.

జూన్‌లో కాల్పుల మైదానం తెరిచారు. మొదటి గుండుకి ఆయన తాపు కోసం ఎదురుచూశారు. అది రాలేదు. ఎవరో పిల్లవాడు భుజం తట్టినట్టయింది, అంతే. గుళ్లన్నీ కాఫీ సాసరులో పట్టేంత దగ్గరగా పడ్డాయి. హెల్ముట్ చెప్పకుండా మందు లేని తూటా ఒకటి పెట్టిచ్చాడు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది. గొట్టం వెంట్రుకవాసి కూడా కదల్లేదు, కళ్లు తెరిచే ఉన్నాయి.

"మంచె నీదే," అన్నాడు హెల్ముట్.

ఆగస్టులో మొక్కజొన్న పాలు పట్టింది. పందులు దిగాయి, రైతు రోజూ హెల్ముట్‌కి ఫోను. ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ఏడాది వయసు పంది ఒకటి చేలోంచి బయటికొచ్చి మంచె ముందు అడ్డంగా నిలబడింది. ఎవరో చెప్పి పంపినట్టు నిలబడింది. ప్రకాశం గారు తుపాకీ ఎత్తారు. భుజం నొప్పి లేదు, గొట్టం వాలలేదు, కళ్లు మూసుకుపోలేదు. వచ్చిన చిక్కే అది. అన్నేళ్లలో మొదటిసారి తాపు ఊసే లేకుండా, కళ్లు పూర్తిగా తెరిచి చూస్తున్నారు. మూతి నుంచి కారుతున్న మొక్కజొన్న పాలు కనపడ్డాయి. ఈగని తోలుతున్న చెవి కనపడింది. ఏ ప్రాణికీ, అని జోనాథన్ గొంతు వినపడింది. దాని వెనకే ఆమెన్ అని తన గొంతు.

వేలు కదల్లేదు. పంది తీరిగ్గా తిని, ఒకసారి మంచెవైపు చూసి వెళ్లిపోయింది. తనకి కన్ను కొట్టి వెళ్లిందని ఆయన ఇంట్లో చెప్పారు. ఏసుకుమారి నవ్వలేదు.

రెండోసారీ అంతే. మూడోసారి వానలో వచ్చింది, అంతే. ఆయన జోనాథన్‌కి ఫోను చేశారు.

"అయ్యగారూ, ఆ ప్రార్థన కొంచెం సవరించడానికి కుదురుద్దాండీ?"

"ఏ ప్రార్థన అంకుల్?"

"తుపాకీది. ఏ ప్రాణికీ అన్నారు కదా. పందులకి వర్తించదని ఒక్క ముక్క కలిపితే..."

"ప్రార్థనంటే ఈమెయిలు కాదు కదండీ, రీకాల్ చెయ్యడానికి. పోనీ కొత్తగా ఒకటి చేద్దామా? ఏమని చెయ్యమంటారు, మీరే చెప్పండి."

ప్రకాశం గారు ఫోను చెవిన పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏమని అడగాలి? గాయం తగిలేలా చూడు ప్రభువా అనా? పాత తుపాకీ రోజుల్లో ఈ గొడవ లేదు. కాల్చిన రాత్రి భుజం వాచి నల్లబడేది. ఏసుకుమారి నూనె రాస్తూ తిట్టేది. పందికి పోవాల్సింది పందికి పోయింది, తన వంతు తనకి వచ్చింది అనిపించి నిద్ర పట్టేది. ఈ మెత్తనిది ఆయన వంతు ఏమీ ఇవ్వదు. మొత్తం అటే పంపేస్తుంది. కోరి కోరి, కర్ర కోయించి మరీ అలాంటిదాన్ని తెచ్చుకున్నారు.

"ఏం లేదులెండి అయ్యగారూ," అన్నారు. "ఆరోగ్యం కోసం చెయ్యండి."

సెప్టెంబరులో హెల్ముట్ తనూ మంచె ఎక్కి పక్కన కూర్చున్నాడు. పంది వచ్చింది. ప్రకాశం గారు తుపాకీ ఎత్తి గురి చూశారు. అలాగే చూస్తూ ఉండిపోయారు. పంది వెళ్లిపోయాక హెల్ముట్ ఆయనవైపు తిరిగాడు.

"భుజమా?"

"భుజం బ్రహ్మాండంగా ఉంది."

"తుపాకీయా?"

"ఇంత మంచి తుపాకీ జర్మనీలో లేదు."

"మరేమిటి?"

"ప్రార్థన అడ్డొస్తోంది," అన్నారు ప్రకాశం గారు. అబద్ధాలు చెప్పడంలో అంత పేరున్న మనిషికి ఆ పూట అంతకన్నా మంచిది తోచలేదు. హెల్ముట్ చలికి చేతులు రుద్దుకున్నాడు.

"జంతువు బాధపడితే మంచె ఇవ్వనన్నాను. నువ్వు దేన్నీ బాధపెట్టలేదు. ఆ మాటకి నిన్ను దించలేను. కాని ప్రకాశ్, చేనంతా పోతోంది. రైతుకి నేను జవాబు చెప్పాలి."

"తెలుసు."

"స్టుట్‌గార్ట్ నుంచి ఒకతను ఈ మంచె అడుగుతున్నాడు."

"నిచ్చెనలో పైనుంచి మూడో మెట్టు కదులుతోంది," అన్నారు ప్రకాశం గారు. "అతనికి చెప్పు."

ఆయన ముందు దిగారు. ఆ నిచ్చెన మళ్లీ ఎక్కాల్సిన పని ఇంక లేదని దిగాక గుర్తొచ్చింది.

ఆ ఆదివారం జూమ్‌లో సాక్ష్యాల వేళ ఏసుకుమారి చెయ్యెత్తింది. "మా ఇంటాయన కొత్త తుపాకీకి ప్రార్థన చేశారు కదండీ. ఇన్ని నెలలైంది. ఏ ప్రాణికీ చిన్న గాయమైనా కాలేదండి. దేవుడు విన్నాడు."

తెర నిండా చేతులు లేచాయి. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ. జోనాథన్ మొహం వెలిగిపోయింది.

"అంకుల్ గారు కూడా ఒక మాట చెబితే బాగుంటుంది. అంకుల్, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

ప్రకాశం గారు కదల్లేదు. ఏసుకుమారి ఆయన కుడి భుజం మీదుగా చెయ్యి చాపి బొత్తాం నొక్కింది. జర్మనీ అంతా ఎదురుచూస్తోంది.

"ఆమెన్," అన్నారాయన.