ఎలుకల సరోజ

చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ కార్మికుల బస్తీలో సరోజలు ముగ్గురు. నల్లా కాడి సరోజ, కుట్టుమిషను సరోజ, ఎలుకల సరోజ. ఈ కథ మూడో ఆమెది. ఆ పేరు వెక్కిరించడానికే పెట్టారు గానీ ఆమె ఎన్నడూ నొచ్చుకోలేదు. "ఎలుకలతోనే కదా నా పని" అనేది.

చంద్రపూర్‌లో వీధికొకటి చొప్పున కొత్త కాలేజీలు పుట్టుకొస్తున్న రోజులవి. ఊరి చివర పాత బియ్యం మిల్లు షెడ్డుకు సున్నం కొట్టి, 1993లో ఒక ఫార్మసీ కాలేజీ తెరిచారు. సరోజ అక్కడ ఊడ్చే పనికి కుదిరింది. మరాఠీ బడిలో పదో తరగతి తప్పిన మనిషి. తెలుగు నోట్లో ఉందే తప్ప చేతికి రాలేదు. పెనిమిటి మొండయ్య పవర్ స్టేషన్‌లో బొగ్గు బెల్టు దగ్గర కాంట్రాక్టు కూలీ.

ఒకనాడు ప్రయోగశాలలో తెల్ల ఎలుక ఒకటి బోనులోంచి తప్పించుకుంది. దాన్ని చూసుకునే మనిషి స్టూలెక్కి నిలబడ్డాడు. సరోజ చీపురు కింద పెట్టి, ఎలుక భుజాల మీద అరచెయ్యి ఆనించి, నలగకుండా జారకుండా పట్టుకుని లేపింది. ప్రయోగశాల నడిపే చంద్రకళ మేడం గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"భయం కాలేదా నీకు?"

"వడ్ల బస్తాల కాడ ఇంతకంటె పెద్దయి తిరుగుతయి మేడం. గట్టిగ వడితె కరుస్తయి, మెత్తగ వడితె ఉరుకుతయి."

మరుసటి నెల నుంచి సరోజకు ఎలుకల గదిలో పని.

చంద్రకళ ఊళ్లోని తెలుగు వ్యాపారుల ఇంటి ఆడపిల్ల. దుకాణంలో కూర్చోమంటే కూర్చోక నాగపూర్ వెళ్లి మందుల శాస్త్రం చదువుకుని వచ్చింది. ఆమె ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగేది. మెదడుకు రక్తం పోయే నాళం మూసుకుంటే అక్కడ కొంత భాగం చచ్చిపోతుంది, కాలూ చెయ్యీ పడిపోతాయి. కొందరికి మళ్లీ వస్తాయి, కొందరికి రావు. ఎందుకు? ఎలుకకు మత్తిచ్చి, మెడలోని నాళంలోంచి సన్నని నైలాన్ దారం పంపి, ఎడమ పక్క మెదడుకు రక్తం ఆపేది. ఎలుక లేచేసరికి కుడి ముందుకాలు వేలాడేది. అట్లాంటివాటిని రెండు గుంపులు చేసేది. ఒక గుంపు బోనులో నిచ్చెనలూ గొట్టాలూ ఉండేవి, సందులోంచి కాలు చాపితేనే మేత దొరికే చెక్కపెట్టె ఒకటుండేది. రెండో గుంపు బోనులో ఊక తప్ప ఏమీ లేదు. మేతా నీళ్లూ మూతి ముందరే. ఎనిమిది వారాల తర్వాత ఏ ఎలుక కాలు ఎంత తేరుకుందో పరీక్ష చేసేది. కాలు చాపడం నేర్పే పని మాత్రం సరోజదే. ఆ ఓపిక మేడం దగ్గర లేదు.

1997 దసరా వెళ్లిన వారానికి సరోజ తల్లి లస్మవ్వ అంగట్లో వంకాయలు జోకుతూ జోకుతూ కూలబడింది. చేతిలో తక్కెడ జారిపోయింది, మూతి ఒక పక్కకు లాగేసింది. పక్కన కూరగాయలమ్మేవాళ్లు ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయారు. పదకొండు రోజుల తర్వాత సరోజ ఇంటికి తెచ్చారు. ప్రాణం దక్కింది. కుడికాలు ఈడుస్తూ గోడ పట్టుకుని నడవగలదు, కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన చోటే ఉండేది. మాట ముద్దముద్దగా వచ్చేది. డాక్టరు బీపీ గోలీలు రాసి, చెయ్యి కదిలిస్తూ ఉండమన్నాడు. ఎట్లా కదిలించాలో ఎవరూ చెప్పలేదు.

సరోజ తమ్ముడు తిరుపతి మాజ్రి బొగ్గుగనిలో పని చేసేవాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాడు. "అవ్వ బతుకంత కష్టమే చేసింది అక్కా. ఇగ మంచంల కూసోనియ్. మనమే పెడ్తం, మనమే కడుగుతం" అన్నాడు. అందరూ అదే మాటన్నారు. లస్మవ్వకు ముద్ద కలిపి నోట్లో పెట్టేవాళ్లు, తల దువ్వేవాళ్లు, చెంబు అందించేవాళ్లు. చెయ్యి కదపాల్సిన అవసరమే ఆమెకు రానివ్వలేదు.

సరోజ పొద్దున తల్లికి బువ్వ తినిపించి పనికి పోయేది. గది తలుపు తీయగానే ఖాళీ బోనులోని ఎలుకలు కనబడేవి. కదలవు. మూతి ముందరి మేత ఎడమకాలితో లాక్కుని తిని, మళ్లీ ముడుచుకుని పడుకుంటాయి. పదిరోజులు చూసింది. పదకొండో రోజు మేడం పాఠం చెప్పడానికి వెళ్లినప్పుడు, కొంగున కట్టుకున్న నానబెట్టిన శనగ గింజ ఒకటి తీసి, కడ్డీల సందులో కుడిపక్కకు పట్టుకుంది. ఎలుక వాసన చూసి మూతి పెట్టింది, అందలేదు. చాలాసేపటికి పడిపోయిన కాలు భుజం నుంచి ఊగింది. అందేదాకా సరోజ చెయ్యి తీయలేదు. ఆ రోజు నుంచి అది ఆమెకు రోజువారీ పనైంది. తప్పు చేస్తున్నానని తోచనే లేదు. పాపం ఎలుకలు అనుకుంది, అంతే.

పరీక్షల రోజు వచ్చింది. ఖాళీ బోను ఎలుకలు నిండు బోను ఎలుకలతో ఇంచుమించు సమానంగా కాలు చాపాయి. చంద్రకళ నమ్మలేదు. మళ్లీ పెట్టింది, అదే ఫలితం. మత్తుమందు కొలతలు చూసింది, దారం మందం కొలిచింది, పాత పుస్తకాలన్నీ తిరగేసింది. వారం దాటాక ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరవకుండానే పక్కకు నెట్టి, "నా చెయ్యే కుదురుతలేదు సరోజా. నాళం సరిగ్గ మూస్తలేనేమో. రెండేండ్లు వృథాగ పోయినట్టే" అంది.

మేడం తన చేతిని తానే అనుమానిస్తోంది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే ఈమె ఇట్లాగే కుంగిపోతుంది.

"మీ చేతిల తప్పు లేదు మేడం. నేను ఖాళీ బోనుల శనగలు పెట్టిన. పడిపోయిన కాలు చాపితెనే అందేటట్టు. రోజు పెట్టిన."

చంద్రకళ బోనుల వైపు తిరిగి చూసింది. కోపం ముక్కుపుటాల్లో తెలుస్తోంది. "పన్నెండు ఎలుకలు. నాలుగు నెలల పని" అంది. "ఎందుకు చేసినవ్?"

"మా అవ్వ గట్లనే పడి ఉన్నది ఇంట్ల. చూడబుద్ధి కాలే."

"మీ అవ్వకు పక్షవాతమా? నాకెందుకు చెప్పలే?"

"మీరడగలే మేడం."

చంద్రకళ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి నోటుబుక్కు తెరిచింది. "శనగ ఎట్ల పట్టినవో చూపించు. ఎంత దూరంల, ఎంతసేపు, దినానికి ఎన్నిసార్లు, అంతా చెప్పు." సరోజ చూపించింది, ఆమె రాసుకుంది. రాయడం అయ్యాక, "ఇది లెక్కకు రాదు. మొత్తం మళ్ల మొదటి నుంచి చెయ్యాలె. ఇంకొకలను పెట్టుకుంట" అంది.

"వద్దు మేడం. ఖరాబు చేసింది నేను, సక్కగ చేసేది గూడ నేనే. ఎనిమిది వారాలు నా చెయ్యి ఆ బోను మీదికి పోదు. పోతే ఆ రోజే నన్ను ఎల్లగొట్టుండ్రి."

చంద్రకళ ఆమె ముఖంలోకి చూసి సరేనంది.

సరోజ అక్కడితో ఆగలేదు. చంద్రకళ వెనకటి పరీక్షల్లో మంచికాలికి గుడ్డ చుట్టి, పడిన కాలితోనే పని చేయించే గుంపు ఇంకొకటి ఉండేది. మా అవ్వకు గూడ అట్ల కట్టొచ్చా అని అడిగింది. చంద్రకళ పెన్ను కింద పెట్టింది. "నేను ఎలుకల డాక్టరును, మనుషుల డాక్టరును కాను. ఇంకోటి యాదికి పెట్టుకో. దెబ్బ తగిలిన రెండో దినమే కట్టినయి చూడు, వాటి మెదడుల గాయం ఇంకా పెద్దగయింది. తొందర పడితె ఉన్నది గూడ పోతది. ముందు దవాఖానకు పోయి అడుగు."

సరోజ తల్లిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు బీపీ చూసి, రెండు నెలలు దాటింది గనక ప్రయత్నించవచ్చన్నాడు. గోలీలు ఒక్కపూట కూడా మానొద్దన్నాడు, తల తిరిగితే ఆపమన్నాడు.

పాత చీర ముక్కతో సరోజ ఒక సంచి కుట్టింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు లస్మవ్వ ఎడమచేతికి అది తొడిగి మణికట్టు దగ్గర కట్టేది. ముందర వంకాయల గంప పెట్టేది. కుడిచేత్తో ఒక్కటి తీసి పక్కన పెట్టమనేది. మొదటి రోజు లస్మవ్వ గంటసేపు తిట్టింది. మాట సరిగా రాకపోయినా తిట్లు మాత్రం తేటగా వచ్చాయి. "నా కడుపుల వుట్టి నన్నే కట్టేస్తవానే" అంది. బస్తీ ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి చూసి, ఎలుకలతో ఉండి ఉండి దీని మనసు రాయైందన్నారు. మొండయ్య మాత్రం షిఫ్టు దిగి వచ్చి, నేల మీద దొర్లిన వంకాయలు ఏరి గంపలో వేసేవాడు.

ఆదివారం తిరుపతి వచ్చాడు. తల్లి చేతికి సంచి చూసి చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి ముడి విప్పేశాడు.

"అవ్వను ఎలుక లెక్క చేస్తున్నవా అక్కా?"

"ఎలుక లెక్కనే చేస్తున్న. తిరగనిచ్చిన ఎలుక కాలు లేస్తది. కూసోబెట్టి మేపిన ఎలుక కూసునే చస్తది. కండ్లార చూసిన తమ్మీ."

"లోకమంత నవ్వుతది."

"లోకం వచ్చి అవ్వ ముడ్డి కడుగుతదా?"

తిరుపతి కంచంలో అన్నం కలిపి తల్లి పక్కన కూర్చుని ముద్ద నోటి దగ్గర పెట్టాడు. లస్మవ్వ నోరు తెరవలేదు. కొడుకు ముఖం చూసింది, కంచం చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు పెడితె కడుపు నిండుతలేదు కొడుకా" అంది. ఒక్కో మాటకూ ఊపిరి పీల్చుకుంటూ అంది. తర్వాత ఎడమచెయ్యి కూతురి వైపు చాపింది. "కట్టు."

ఆ రోజు నుంచి తిట్లు ఆగలేదు గానీ, సంచి విప్పమని లస్మవ్వ అడగలేదు.

నెల రోజులు ఏమీ జరగలేదు. చెయ్యి భుజం నుంచి ఊగి గంపను తన్నేది, అంతే. సరోజకు లోపల బెదురుగానే ఉండేది, బయటికి కనపడనివ్వలేదు. నలభై రోజులు దాటాక ఒక పొద్దున బొటనవేలు వంకాయ తొడిమకు ఆనుకుని నిలిచింది. వారానికి వంకాయ లేచింది, మధ్యలో పడింది. తర్వాత సరోజ టమాటాలు పెట్టింది. పట్టు కుదరక లస్మవ్వ పిసికేసేది. ఆ నెలంతా ఇంట్లో టమాటా పులుసే.

కాలేజీలో ఇంకో పరీక్ష నడుస్తోంది. ఖాళీ బోనులో మేతా నీళ్లూ పెట్టి సరోజ వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఇంట్లో తల్లిని కదిలించడం కంటే ఇక్కడ ఎలుకను కదిలించకుండా ఉండడమే ఆమెకు కష్టమైంది. అయినా మాట తప్పలేదు. ఈసారి చంద్రకళ మూడో బోను కూడా పెట్టించింది. దాంట్లో నిచ్చెనల్లేవు, గొట్టాల్లేవు. సరోజ చేతి శనగలు మాత్రమే, నోటుబుక్కులో రాసుకున్న కొలత ప్రకారం.

ఎనిమిది వారాల తర్వాత తేడా తేటతెల్లమైంది. నిండు బోను ఎలుకలు ముందున్నాయి, ఖాళీ బోనువి బాగా వెనకబడ్డాయి, శనగలవి నడుమ నిలిచాయి. చివర్న మెదళ్లు కోసి చూసే రోజు సరోజ కూడా బల్ల దగ్గరే నిలబడింది. పెంచిన చేత్తోనే వాటిని తెచ్చి అప్పగించింది. ఆ పూట అన్నం తినలేదు. మెదడు ముక్కలో చచ్చిన భాగం కరిగి గుంట పడి ఉంది. నిండు బోనుదైనా ఖాళీ బోనుదైనా గుంట ఇంచుమించు ఒక్కటే.

"గుంట పూడలే గద మేడం, మరి కాలెట్ల వచ్చింది?"

"చచ్చింది చచ్చిందే. పక్కనున్నది ఆ పని నేర్చుకున్నట్టుంది. ఎట్ల నేర్చుకుంటదో ఇంకా నాకు తెల్వదు" అంది చంద్రకళ. "దానికి పని చెప్పాలె, గంతే."

ఎండాకాలం వచ్చేసరికి లస్మవ్వ గ్లాసు పట్టుకుని తాగింది, అన్నం తానే కలుపుకుంది. రవిక హుక్కులు మాత్రం ఎన్నటికీ రాలేదు, సన్నపని చేతికి చిక్కలేదు. వానలు మొదలయ్యాక అంగట్లో పాత చోటే కూర్చుంది. తక్కెడ ఎడమచేతిలో, కాయలు వేసేది కుడిచెయ్యి. నెమ్మదిగా వేస్తుందని గొణిగే గిరాకీలకు, "జల్ది కావాలంటె పక్కకు పోండ్రి" అని చెప్పేది.

ఆమెను చూసి జనం సరోజ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముందు దవాఖాన, బీపీ గోలీలు, ఆ తర్వాతే నేను అనేది సరోజ. ఆదివారం పూట ఇళ్లకు పోయి కూర్చునేది, చెయ్యి ఎట్లా పెట్టాలో ఇంటివాళ్లకు చూపించేది. కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. బస్సెక్కి పోవాల్సిన కోఠారి ఊళ్లో పోశన్న అనే వడ్రంగికి ఆరు నెలలు చూసింది. ఒక్క వేలు కూడా కదలలేదు. మాయమాటలు ఆమెకు రావు.

"నీ కుడిచెయ్యి రాదు పోశన్నా. నాకు తెలిసినంతల రాదు."

పోశన్న తల దించుకున్నాడు. "అయితే ఇగ రావా నువ్వు?"

"ఎందుకు రాను? ఎడమచెయ్యికి ఉలి పట్టుడు నేర్పాలె గద."

తర్వాతి ఆదివారం ఆమె కోఠారి బస్సెక్కింది. ఆ తర్వాతి ఆదివారం కూడా.