కెప్టెన్ చెప్పిన సమాధానం

1993 జూన్‌లో నన్ను కాకినాడ రేవులో ఇమ్మిగ్రేషన్ పనికి ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. దూరంగా లంగరు వేస్తే బియ్యం బార్జీల మీద వెళ్లేది. మేము లాంచీలో వెళ్లి, ఓడ సిబ్బందిని జాబితాతో సరిచూసి, ఒడ్డుకు దిగడానికి అనుమతి రాసేవాళ్లం.

ఆ నవంబరులో ఒక ఓడ కెప్టెన్, జాబితాలో లేని మనిషిని చూపించాడు. హైతీ దేశస్థుడు, పాతికేళ్లుంటాయి. ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి దాక్కున్నాడట. ఇలాంటివాణ్ణి దిగనివ్వకూడదు, తెచ్చిన ఓడే వెనక్కి తీసుకుపోవాలి. ప్రాణభయంతో వచ్చానంటే మాత్రం ఓడను ఆపి, పైఅధికారులకు రాయాలి. అంచేత మేము అడగాల్సింది ఒక్కటే: ఎందుకొచ్చావని.

అతనికి వచ్చిన భాష ఫ్రెంచి. మా హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణ, "యానాంలో ఫ్రెంచి మాస్టారున్నారండి. జీపు పంపితే మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారండి" అన్నాడు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలోని ఊరు, ఎంతో దూరం కాదు. కానీ ఓడ ఆ పూటే బయలుదేరాలి. తనకు ఫ్రెంచి వచ్చు, తనే అడుగుతానన్నాడు కెప్టెన్. సరేనన్నాను. ఓడ ఆలస్యమైతే నష్టపోయేది ఆ కెప్టెనే. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే!

ఆ కుర్రవాడు చేతులు తిప్పుతూ, ఏడుస్తూ చాలాసేపు చెప్పాడు. కెప్టెన్ ఒక్క ముక్కలో, "పని కోసం వచ్చాడు" అన్నాడు. అంత మాటకు ఇంతే అర్థమా అని నేను అడగలేదు. అదే రాసి సంతకం పెట్టాను. లాంచీలోకి దిగబోతుంటే ఆ కుర్రవాడు మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. ఓడ వెళ్లిపోయింది.

మనసొప్పక ఆదివారం ఆ కాగితం పట్టుకుని యానాం వెళ్లాను. మాస్టారు నెమ్మదిగా చదివి చెప్పారు. సైనికులు ఇంటికొచ్చి అతని అన్నను చంపేశారు. ఇప్పుడు ఇతని కోసం వెతుకుతున్నారు. ఏ దేశంలోనైనా ఉంటాను, వెనక్కి మాత్రం పంపకండి అని రాశాడు.

మాస్టారు కళ్లజోడు తీసి, "పాపం, ఆ అబ్బాయినెక్కడ ఉంచారండి? నేనొచ్చి మాట్లాడతాను" అన్నారు.

పంపేశానండి అన్నాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

పైకి రాశాను, ఓడకు వైర్‌లెస్ ఇప్పించాను. అతని సంగతి ఇంతవరకు తెలియలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మనిషిని పంపేస్తే లాభపడేవాడిని దుబాసీగా ఒప్పుకోలేదు. ఇది నేను కనిపెట్టిన నియమమేమీ కాదు. ఆ రోజుకే నాకు తెలుసు.