ఎత్తకూడని ఫోన్

1999 వేసవిలో నేను మాదాపూర్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ మేనేజర్‌గా చేరాను. అడ్మిన్ అంటే ఏం పని అని ఇప్పటికీ అడుగుతుంటారు. కుర్చీలు, కార్లు, కరెంటు, కాఫీ, వచ్చే పోయే అతిథులు. ఎవరిదీ కాని పని ఏదైనా సరే, అది అడ్మిన్‌దే. హోదాలో ప్రాజెక్ట్ మేనేజర్‌తో సమానమని కాగితం మీద రాసి ఉండేది. కాగితం మీదే లెండి!

అప్పటి మాదాపూర్ అంటే బండరాళ్లు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న అద్దాల భవనాలు. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటితే టీ కొట్టు దొరకడమే గగనం. కారు ఎక్కడుందో తెలియక చచ్చేవాళ్లం. అందుకే డ్రైవర్ యాదగిరికి సెల్‌ఫోన్ ఇప్పించాలని నేను పట్టుబట్టాను. అకౌంట్స్ మేనేజర్ రావుగారు, అమలాపురం మనిషి, ససేమిరా అన్నారు. ఆయన భయం ఉత్తదేం కాదు. ఆ రోజుల్లో ప్లాన్ అంటే నెలనెలా అద్దె కట్టాలి. మనం చేసిన కాల్‌కు నిమిషాల లెక్కన కట్టాలి. అవతలివాళ్లు చేసినా సరే, ఎత్తినందుకు మళ్లీ మనమే కట్టాలి.

"ఎవడో ఫోన్ చేస్తే మనం డబ్బులు కట్టడమేంటండీ? పెళ్లికి పిలిచి, భోజనం ఖర్చు మన దగ్గరే వసూలు చేసినట్టు!" అని ఆయన నవ్వకుండా అన్నారు.

చివరికి రాజీ కుదిరింది. ఫోన్ కొన్నాం, అన్నిటికంటే చిన్న ప్లాన్ తీసుకున్నాం, రావుగారు దానికి ఒక రూల్ పెట్టారు. ఆఫీసు నంబర్ కనబడితే యాదగిరి ఎత్తకూడదు. కట్ చేసి, దగ్గర్లో ఉన్న కాయిన్ బాక్స్‌లో రూపాయి వేసి ఆఫీసుకు ఫోన్ చేయాలి. ఊళ్లో సెల్ ఉన్నవాళ్లు చాలామంది చేసేదే ఇది. కొత్తగూడ యాదగిరి మాటంటే మాటే. "ఎత్తొద్దన్నరు గద సార్. ఇగ సచ్చినా ఎత్త," అని ఫోన్ జేబులో వేసుకున్నాడు.

వానాకాలంలో సింగపూర్ నుంచి మార్గరెట్ అనే ఆవిడ వచ్చారు. వాళ్లది ప్రింటర్ల కంపెనీ. ప్రింటర్ మొరాయించి కస్టమర్లు ఫోన్ చేస్తే, ఆ ఫోన్లు ఇక్కడ ఎత్తి సమాధానం చెప్పే పని మాకు ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడే తేల్చాలి. ఆ పనిని నమ్ముకుని ఇరవై మంది పిల్లల్ని కొత్తగా ఉద్యోగంలోకి తీసుకున్నాం. వాళ్ల చేతికి ఆర్డర్లు ఇచ్చింది నేను. పని రాకపోతే ఇంటికి పొమ్మని చెప్పాల్సిందీ నేనే.

యాదగిరి ఆవిడను బేగంపేట విమానాశ్రయంలో ఎక్కించుకుని బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో కరెంటు పోయింది. జనరేటర్ దగ్గి దగ్గి ఊరుకుంది. చీకట్లో ఆవిడకు ఏం చూపిస్తాం? బంజారా హిల్స్‌లో ఒక హోటల్ హాలు మాట్లాడి, కారును అటు మళ్లించమని చెప్పడానికి యాదగిరికి ఫోన్ చేశాను. కట్ చేశాడు. మళ్లీ చేశాను, మళ్లీ కట్. ఇన్నిసార్లు మోగుతోందంటే ఏదో అర్జెంటు పనని అతనికి అర్థమైంది. అర్థమయ్యే, కాయిన్ బాక్స్ కోసం కారును ఇంకా జోరుగా పోనిచ్చాడు. ఒక చోట క్యూ ఉంది, ఇంకోచోట తాళం. హోటల్ దాటి చెక్‌పోస్టు దాకా వచ్చేశాడు.

నేను మళ్లీ చేశాను. ఈసారి ఫోన్ ఎత్తారు. నాకు ఒళ్లు మండిపోయి, "చెవుల్లో సీసం పోసుకున్నావా యాదగిరీ! ఎత్తవేమయ్యా?" అని అరిచాను. అవతల ఒక ఆడగొంతు చాలా మర్యాదగా గుడ్ మార్నింగ్ చెప్పింది. డ్రైవర్ ఎత్తేలా లేడని మార్గరెట్ తానే ఫోన్ అడిగి తీసుకున్నారట. క్షమించమని, కారును వెనక్కి హోటల్‌కు తిప్పించమని ఆవిడనే బతిమాలుకున్నాను.

హోటల్లో అందరం కూర్చున్నాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే. "మా కస్టమర్ల ఫోన్లు ఎత్తుతామంటున్నారు, మీ ఫోన్ మీరే ఎత్తరేం?" మా ఎండీ నా వైపు చూశారు. నేను రావుగారి వైపు చూశాను. పాపం, ఆయన ప్లాన్ మొత్తం పూసగుచ్చినట్టు వివరించారు. ఆవిడ ఓపిగ్గా విని, యాదగిరిని పిలిపించమన్నారు. అయిపోయింది, ఇరవై మందీ ఇంటికే అనుకున్నాను.

యాదగిరి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నన్నెందుకు పరేషాన్ చేస్తున్రు మేడమ్? ఎత్తొద్దని రావు సారే చెప్పిన్రు, ఎత్తలే. రేపు ఎత్తుమంటే ఎత్తుత. గింతే గద!" అన్నాడు. నేను మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వారు. చెప్పింది చెప్పినట్టు చేసే మనుషులు ఉన్నారు కాబట్టి, చెప్పేవాళ్లు తీరు మార్చుకుంటే చాలన్నారు. ముందు పని ఇచ్చి, కొన్ని నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. షరతు ఒకటే. కంపెనీలో ఏ ఫోన్ మోగినా మూడో రింగులోపు ఎత్తాలి. డ్రైవర్ ఫోన్‌తో సహా.

"ఆవిడ ఖర్చు మన నెత్తిన రుద్దిందండీ," అని గొణుగుతూనే రావుగారు ఆ సాయంత్రం పెద్ద ప్లాన్‌కు సంతకం పెట్టారు. పిల్లల్లో ఒక్కరినీ పంపించాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో ప్లాన్లు చూశాను. ఫలానాది తీసుకోవచ్చా అని ఎవరైనా అడిగితే అద్దె ఎంతని చూడను. ఫోన్ మోగినప్పుడు జంకకుండా ఎత్తగలరా అని అడుగుతాను. ఎత్తలేకపోతే అసలు కొనవద్దని చెబుతాను.