రాణీ రంగు గోడ

ఎస్తేరు డ్యూటీ నుంచి రాగానే బూట్లు విప్పదు. చీలమండలు వాచి ఉన్నా సరే, ముందు టీ కాచుకుని, హాల్లో ప్లాస్టిక్ కుర్చీని ఎదుటి గోడవైపు తిప్పుకుని కూర్చుంటుంది. ఆ గోడది ముదురు గులాబీ. చీరల కొట్టువాళ్లు రాణీ రంగంటారే, అది. నర్సు ఉద్యోగానికి నరసాపురం నుంచి ఢిల్లీ వచ్చాక ఇరవై ఆరేళ్లు అద్దె గదుల్లో, మేకు కొట్టడానికి కూడా ఇంకొకరి అనుమతి అడుగుతూ గడిపింది. భర్త పోయాక ద్వారకలో ఈ రెండు గదుల ఫ్లాటు కొనుక్కుని, "దీదీ, కళ్లకు గుచ్చుకుంటుంది" అని పెయింటర్ నసుగుతున్నా వినకుండా, దగ్గరుండి ఆ రంగే రెండు పూతలు వేయించింది. టీ అయ్యాక ఆ గోడను అరచేత్తో ఒకసారి నిమిరి, అప్పుడు లేసులు విప్పుతుంది.

మొన్న చర్చి కూటాలకు రెండు రోజులు మీరట్ వెళ్లి వచ్చేసరికి గోడ మీగడ రంగులో ఉంది. కూతురు అనుగ్రహకు గుర్‌గావ్ సంబంధం కుదురుతోంది. అబ్బాయి తల్లి ఆ సాయంత్రమే ఇంటికి వస్తోంది.

"నాతో ఒక్కమాట అనకపోయావా?" అంది ఎస్తేరు.

"అడిగితే వద్దంటావు కదా మమ్మీ. వాళ్ల ముందు ఆ రంగు... అచ్ఛా నహీ లగ్‌తా, బాగుండదు."

ఎస్తేరు వంటింట్లోకి వెళ్లి పకోడీలు వేసింది. వచ్చినావిడ హాలంతా కలయజూసి, "ఎంత హుందాగా ఉంది. రంగు ఎవరి ఎంపిక?" అని అడిగింది.

"మమ్మీదే," అంది అనుగ్రహ చటుక్కున, తల్లివైపు చూడకుండా.

ఎస్తేరు టీ కప్పు ఆవిడ చేతికి అందించింది.

"అవునండీ," అంది. "ముదురు రంగులు నాకు మొదటినుంచీ పడవు."