ముప్పై ఒకటో తేదీ కొడితే మూసుకుపోయే ట్యాబ్

అమ్రాబాద్ అడవి పెంటల్లో ముప్పై మూడేళ్లు నర్సుగా తిరిగాను. పెంట అంటే అడవి లోపల పది పదిహేను గుడిసెలుండే ఊరు. కాన్పు అని కబురొస్తే వేళాపాళా చూసుకోకుండా నడిచేదాన్ని. దారిలో ఏమన్నా కనపడిందా అని జనం అడిగేవాళ్లు. కనపడింది. ఎలుగుబంటి రెండుసార్లు, చిరుత ఒకసారి, పాములు పంతొమ్మిది. దయ్యం ఒక్కటీ ఎదురుకాలేదు. కనుక నా లెక్కలో దయ్యం లేదు.

నేను చూసిందే రాసుకుంటాను, రాసుకున్నదే నమ్ముతాను. సర్కారు రిజిస్టరు వేరు. నా సొంతానికి ఒక నోటు పుస్తకం ఉండేది. అందులో నా చేతుల మీద జరిగిన కాన్పులు ఏడు వందల నలభై రెండు. వరుస సంఖ్య, తేదీ, టైము, తల్లి పేరు, ఆడో మగో, బరువు. రిటైరై అచ్చంపేటకు వచ్చాక కూడా బిడ్డల పుట్టిన తేదీ కావాలంటే ఆ దిక్కు జనం నా ఇంటికే వస్తారు.

మొన్న మార్చి నెలలో ఒక బుధవారం పొద్దున ఈదమ్మ వచ్చింది. తెలంగాణ వచ్చిన ఏడాదే ఆమె కాన్పు నేను చేశాను. ఆడపిల్ల, మల్లీశ్వరి. పెంటలో బడి నాలుగో తరగతి దాకే ఉంది. అడవి పిల్లల కోసం ఒక సంస్థ నడిపే గురుకుల బడిలో ఐదో తరగతికి దరఖాస్తు పెట్టాలి. అంతా ఆన్‌లైన్. ఆఖరు తేదీ శనివారం.

పెంట బడిలో పిల్ల పుట్టిన తేదీ జనవరి ఒకటి అని అందాజుగా వేసి ఉంది. కాన్పు చేసిన నర్సు తన పుస్తకం చూసి రాసిస్తే దిద్దుతానని సారు చెప్పాడట.

పుస్తకం తీశాను. వరుస సంఖ్య 618. ఆగస్టు 31. అదే తేదీ ఒక కాగితం ముక్క మీద రాసుకుని పుస్తకం పెట్టెలో పెట్టేశాను.

తర్వాత ట్యాబ్‌లో ఆ బడి నిబంధనలు చదివాను. పిల్ల 2014 సెప్టెంబరు ఒకటిన గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి.

"ఒక్క రోజు ఎక్కువైంది ఈదమ్మా" అన్నాను.

"ఒక్క రోజే గదా సిస్టరమ్మా. నీ చేతిల పనే. జర ఒకటో తారీకు ఎయ్యరాదు?"

"నా చేత్తో తప్పు తేదీ ఇంతవరకు రాయలేదు. ఇప్పుడూ రాయను."

"గట్లయితే పిల్లను మిరపకాయ ఏరనీకె తోలుకపోత. ఇంకేం జేత్త? గుడిసెల ఒక్కదాన్ని ఇడిసి పోతనా?"

ఆమె కోపంగా అనలేదు. మామూలుగానే అంది. అందుకే నాకు ఇబ్బంది అనిపించింది. "నేను కాదనడం ఎందుకు, అసలు తేదీయే వేస్తా, కుదరదని అదే చెబుతుంది, నీ కళ్లతో చూడు" అని ట్యాబ్ ఆమె ముందు పెట్టాను.

అప్పుడు టైము పదకొండు ఇరవై. పిల్ల పేరు, తల్లి పేరు, ఊరు వేశాను. తేదీ గడిలో ఆగస్టు 31 పెట్టి కింద బటన్ నొక్కాను. బ్రౌజర్ మొత్తం మూసుకుపోయింది. ట్యాబ్ మొదటి తెర వచ్చి నిలబడింది.

మళ్లీ తెరిచి మళ్లీ అన్నీ వేశాను. మళ్లీ మూసుకుపోయింది. మూడోసారీ అంతే.

"దానికి గూడ గా తారీకు పసంద్ లేదు" అంది ఈదమ్మ. నాకు నవ్వు రాలేదు. రేపు రమ్మని పంపాను.

ఈ ట్యాబ్ నా చెల్లెలి బిడ్డ నిర్మలది. తను కొత్తది కొనుక్కుని ఇది నాకు ఇచ్చింది. రెండేళ్లుగా పేపరు చదవడానికి, కరెంటు బిల్లు చూడడానికి వాడుతున్నాను. ఎన్నడూ మొరాయించలేదు. గురువారం పొద్దున్నే నిర్మలకు ఫోన్ చేసి, తను చెప్పింది చెప్పినట్టు చేస్తూ కాగితం మీద రాసుకున్నాను.

ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఫలితం లేదు. వెనక తెరిచి ఉన్న పేజీలు ఆరు, అన్నీ మూసేశాను. ఫలితం లేదు. బ్రౌజర్ దాచిపెట్టుకున్న పాత చెత్తంతా సెట్టింగ్స్‌లోకి పోయి తుడిచేశాను. లోపల జాగా చూశాను, సగానికి పైగా ఖాళీయే. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేశాను. తీసేసి మళ్లీ వేశాను. ఇంటి నెట్ వదిలి ఫోన్ నెట్ కలిపాను. చివరికి వేరే బ్రౌజరే దింపి చూశాను. ఆగస్టు 31 అనగానే అదీ మూసుకుపోయింది.

"పెద్దమ్మా, నీ మందలింపులకు భయపడి మూస్తుందేమో. జర మెల్లగ మాట్లాడు దానితోని" అంది నిర్మల.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. జ్వరం ఎందుకొచ్చిందో తెలియకపోతే ఒక్కో కారణాన్నీ తీసేసుకుంటూ పోతాం కదా, అలాగే తేదీలు మార్చి చూశాను. ఆగస్టు 30 వేస్తే బ్రౌజర్ మూసుకుపోలేదు. అర్హత లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆగస్టు 29కీ అవే ఎర్ర అక్షరాలు. సెప్టెంబరు 1 వేస్తే నిక్షేపంగా తర్వాతి పేజీ వచ్చింది. నేను వెంటనే వెనక్కి వచ్చేశాను. ఆగస్టు 31 వేశాను. మూసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం ఈదమ్మ వచ్చినప్పుడు, తప్పు నా వేలిదేమోనని ఆమె చేత నొక్కించాను. ఆమె నొక్కినా అంతే. బుధవారం మూడు, గురువారం తొమ్మిది. మొత్తం పన్నెండు సార్లు.

శుక్రవారం పొద్దున ఇద్దరం బస్టాండ్ దగ్గర మొయిన్ దుకాణానికి పోయాం. ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేస్తాడు. యాభై ఏళ్ల మనిషి, తొందరపడి మాట్లాడడు. ముందు ఆ పేజీని తన ఫోన్‌లో తెరిచి ఆగస్టు 31 వేశాడు. అర్హత లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఎలా రావాలో అలాగే.

"చూశావా?" అన్నాను ఈదమ్మతో.

ఆమె దుకాణం మెట్టు మీద కూచుండిపోయింది. రోడ్డు దిక్కు చూస్తూ అంది, "నీ దాంట్ల సూపియ్యి సిస్టరమ్మా. నీ దాంట్ల గట్ల వస్తే పోత. మల్ల అడగ."

మొయిన్ ముందరే నా ట్యాబ్‌లో వేశాను. మూసుకుపోయింది. మొయిన్ దాన్ని చేతిలోకి తీసుకుని తానే వేశాడు. మూసుకుపోయింది. పద్నాలుగు. అతను లోపలికి పోయి గంటసేపు చూశాడు. బయటికి వచ్చి చెప్పిన మాట నేను అక్కడే రాసుకున్నాను. బ్రౌజర్ ఇట్లా ఆగిపోతే ట్యాబ్ లోపల ఎక్కడో ఒకచోట నమోదవుతుందట. ఇందులో ఒక్కటీ నమోదు కాలేదట. ట్యాబ్ లెక్క ప్రకారం అది ఒక్కసారి కూడా ఆగలేదు.

"ట్యాబ్‌ల ఏం ఖరాబు లేదమ్మా. జర మీ తారీకే చూసుకోండ్రి" అన్నాడు. వేళాకోళమో, నిజంగానే అన్నాడో తెలియదు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

నాకు కోపం వచ్చింది. నా తేదీని అనుమానించినవాళ్లు అప్పటిదాకా లేరు. ఇంటికి వచ్చి ఈదమ్మను ఎదురుగా కూచోబెట్టి పెట్టెలోంచి పుస్తకం మళ్లీ తీశాను. బుధవారం నేను తేదీ గడి ఒక్కటే చూశాను. ఈసారి అడ్డంగా, గడి తర్వాత గడి, పైకి చదివాను.

"ఆరు వందల పద్దెనిమిది. ఆగస్టు 31, ఆదివారం. తెల్లవారుజాము మూడు పది."

అక్కడ ఆగిపోయాను.

అదే పెట్టెలో ఉన్న నా రోజు డైరీ కూడా తీశాను, ఆ పెంటకు నేను ఎప్పుడు చేరానో అందులో ఉంది. ఆదివారం సాయంత్రం ఐదున్నర, నొప్పులు మొదలు అని ఉంది. ఆదివారం సాయంత్రం నొప్పులు మొదలైన మనిషికి ఆదివారం తెల్లవారుజామున బిడ్డ ఎలా పుడుతుంది? ఇంకా చూశాను. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరే ముందు ఆగస్టు నెల కాన్పులు కూడి, మొత్తం నాలుగు అని రాసి గీత కొట్టాను. 618 ఆ గీతకు కింద ఉంది.

పిల్ల పుట్టింది సోమవారం. సెప్టెంబరు ఒకటి.

తప్పు ఎలా జరిగిందో చెప్పగలను. ఆ దిక్కు జనానికి పొద్దు పొడిస్తేనే దినం మారుతుంది. అర్ధరాత్రి దాటినా తెల్లారేదాకా అది ముందు రోజే. మన కాగితాలకు మాత్రం పన్నెండు కొట్టగానే తేదీ మారుతుంది. కొత్త నర్సులకు నేను మొదట నేర్పించే పాఠమే అది. ఆ రోజు మాత్రం ఈదమ్మ అత్త లింగవ్వ "ఆయితారం పుట్టిన బిడ్డ, రాసుకో" అంటే, ఆదివారమన్న ఆమె మాటే రాసేశాను.

లింగవ్వ ఆ పెంటలో నాకు కుడిభుజం. చదువు రాదు. కానీ నేను రాసింది పైకి చదివి వినిపించేదాకా పుస్తకం మీద అరచెయ్యి పెట్టి మూసి ఉంచేది, తీసేది కాదు. "ఏం రాసినవో నాకెట్ల ఎరుక? సదువు" అనేది. ఆ రోజు వాన, కింద జీపు హారన్ కొడుతోంది. "మళ్లీ వచ్చినప్పుడు చదువుతా లింగవ్వా" అని ఆమె చెయ్యి పక్కకు తీసి పుస్తకం సంచిలో వేసుకున్నాను. మళ్లీ చదవలేదు. చదివి ఉంటే మూడు పది అన్నప్పుడే నా చెవికి దొరికేది. లింగవ్వ పోయి నాలుగేళ్లయింది.

ఇదంతా ఈదమ్మకు చెప్పాను. "మా అత్త మొండిది సిస్టరమ్మా. సదివేదాంక ఇడిసిపెట్టదు" అంది.

ఆ సాయంత్రం కూచుని ఏడు వందల నలభై రెండు కాన్పులూ మొదటి నుంచి చూశాను. అర్ధరాత్రికీ తెల్లవారికీ మధ్య పుట్టినవాళ్లు నూట పదహారు మంది. నూట పదిహేను తేదీలు సరిగ్గా ఉన్నాయి. తప్పు ఒక్కటే. దాన్ని ఒక గీతతో కొట్టి, పక్కన సరైన తేదీ వేసి, సంతకం పెట్టాను.

శనివారం పొద్దున సారుకు కాగితం రాసిచ్చి, దరఖాస్తు పంపించాం. బ్రౌజర్ ఎక్కడా ఆగలేదు. ఈదమ్మ వెళ్లిపోయాక ఒక్కదాన్నే కూచుని మళ్లీ ఆగస్టు 31 వేసి చూశాను. అర్హత లేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మూసుకుపోలేదు. ఐదుసార్లు వేశాను. ఐదుసార్లూ అదే జవాబు.

మల్లీశ్వరి పరీక్ష రాసింది, సీటు వచ్చింది. ఇప్పుడు ఆ హాస్టల్లోనే ఉంది.

నిర్మల ఏదో సాఫ్ట్‌వేర్ తప్పు అయ్యుంటుంది, దానంతట అదే సర్దుకుంది అంటుంది. కావచ్చు. కానీ రెండు బ్రౌజర్లలో, ముగ్గురి చేతుల్లో, ఒకే ఒక్క తేదీకి, ఆ తేదీని నేను పుస్తకంలో దిద్దేదాకా మాత్రమే ఉండే తప్పు ఏమిటని మొయిన్‌ను అడిగితే తల అడ్డంగా ఊపాడు. నన్ను వేధించేది ఇంకొకటి ఉంది. బుధవారం పదకొండు ఇరవైకే ఆ ఎర్ర అక్షరాలు వచ్చి ఉంటే, చూశావా ఈదమ్మా అని ఆమెను పంపించేసేదాన్ని. నా మాటే నిజమని ఆ పూట హాయిగా అన్నం తినేదాన్ని.

దయ్యాల లెక్కలో ఇప్పటికీ ఏమీ రాయలేదు. ఇది ఏ లెక్కలో రాయాలో నాకు తెలియదు. మొయిన్ దుకాణంలో రాసుకున్న కాగితాన్ని మాత్రం 618 దగ్గర పెట్టాను. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నా సరే, ఇప్పుడు ఏది రాసినా పైకి చదివాకే పుస్తకం మూస్తున్నాను.