దిష్టిబొమ్మకు తుమ్ము వచ్చింది

మొన్న ఆదివారం సాయంత్రం నన్ను ఒక ముసలామె చీపురుతోటి కొట్టింది. కొట్టేముందు బొట్టు పెట్టింది. నవ్వేది తర్వాత నవ్వుండ్రి గని, ముందుగాల జరిగింది ఇనుండ్రి.

నేను హన్మకొండల ఒక బట్టల షోరూంల పనిచేస్త. చీరెల సెక్షన్. కస్టమర్లు విప్పి పడేసిన చీరెలు మళ్ల మడత పెట్టుడు నా డ్యూటీ. బిల్లింగ్ కౌంటర్ల మౌనిక ఉంటది. ఆమె బిల్లు కొడుతుంటే గాజులు గలగలమంటయి. ఆ చప్పుడు ఇనుకుంట నేను మడత పెట్టిన చీరెనే మళ్ల విప్పి మడత పెడ్త. అప్పటిదాంక ఆమె నాతోటి మాట్లాడింది ఒక్కటే మాట: "జర పక్కకు జరుగు." ఆ మాటను గూడ నేను మనసుల మంచిగ మడత పెట్టి దాచుకున్న.

అసొంటి మౌనిక బర్త్‌డేకు షాపోళ్లందరిని పిలిచింది. హసన్‌పర్తి దిక్కు కొత్తగ ఇల్లు కట్టుకున్నరు, పార్టీ ఆ ఇంటి డాబా మీద. హారర్ థీమ్ అట, అందరు దయ్యాల తీరుగ రావాలెనట. నాకు ఒక్కటే ఆశ. ఆ పూటన్న మౌనిక నాతోటి తీరుబడిగ నాలుగు ముచ్చట్లు పెట్టాలె. అంతే.

ముచ్చట పెట్టాలంటే డ్రెస్ సుఖంగ ఉండాలె కదా. నా రూమ్మేట్ సంపత్ మా షాపుల్నే టైలర్. వాడు ముందు నన్ను రక్తం తాగే దయ్యం చేస్త అన్నడు. ప్లాస్టిక్ కోరపండ్లు పెట్టిండు. అద్దంల చూసుకుంట "హ్యాపీ బర్త్‌డే మౌనికా" అన్న. సగం మాట, సగం ఉమ్మి. ఆ పండ్లతోటి ప్రేమ ముచ్చట చెప్తే ఆమె గొడుగు పట్టుకోవాలె. తర్వాత ఎముకల బొమ్మలున్న నల్ల డ్రెస్ తెచ్చిండు. అది ఎంత టైటంటే, ఏసుకుని కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు. తెల్ల దుప్పటి కప్పుకుంటే మౌనిక ఎటున్నదో నాకే కనవడది.

పరేషాన్‌ల కిటికీ బయటికి చూసిన. ఎదురుంగ సగం కట్టిన బిల్డింగ్‌కు దిష్టిబొమ్మ ఏలాడుతాంది. వదులు ప్యాంటు, వదులు అంగి, చేతులు చాపుకొని గాలికి ఊగుతాంది. ఓరుగల్లు మొత్తంల దానంత ఆరాంగ ఉన్నోళ్లు ఎవ్వలు లేరనిపించింది. "సంపత్, నాకు గదే కావాలె" అన్న.

మా బాపు పాత ప్యాంటు, అంగి ఏసుకున్న. సంపత్ అట్టముక్క మీద గుడ్లు, మీసాలు గీసి, ఎర్ర జాకెట్ ముక్కతోటి మూరెడు నాలుక కుట్టిండు. మొత్తం మంచిగుంది గని బొమ్మ సన్నగ అయ్యిందన్నడు. పక్క సందుల బర్లకొట్టం నుంచి ఇంత వరిగడ్డి తెచ్చి అంగిల, ప్యాంటుల కుక్కిండు. ఇగ చూడుండ్రి నా సుఖం. కడుపు మీద ఒకకాడ గోకితే వీపుల ఇంకోకాడ గుచ్చుతాంది. ఆటోల కూసున్న పెద్దమనిషి గడ్డి వాసన చూసి, నా నాలుక చూసి, డ్రైవర్ పక్కకు పోయి కూసున్నడు.

నేను జర జల్దీనే చేరిన. డాబా మీద అప్పటికే వచ్చిన షాపోళ్లు లైట్లు కడుతాండ్రు. గేటుకాడ ఎవ్వలు లేరు. ఇంతల లోపలి నుంచి గాజుల చప్పుడు ఇనవడ్డది. మౌనికనే అనుకున్న. గేటు పిల్లర్‌కు ఆనుకొని, చేతులు చాపి కదలకుంట నిలబడ్డ. ఆమె దగ్గరికి రాంగనే కదులుత, ఆమె భయపడ్తది, నన్ను చూసి నవ్వుతది. గట్ల ముచ్చట మొదలైతది. నా ప్లాన్ అది.

వచ్చింది మౌనిక కాదు, వాళ్ల నాయినమ్మ. కంటి ఆపరేషన్ అయినట్టుంది, నల్లద్దాలు పెట్టుకున్నది. నన్ను కింది నుంచి మీదికి తడిమింది. ముసలామె ముఖం ఎలిగిపోయింది. గృహప్రవేశం అయినప్పటి నుంచి దిష్టిబొమ్మ తెమ్మని ఆమె కొడుకు ఎంబడి పడుతాందట, ఇయ్యాల్టికి తెచ్చిండని మురిసింది. నేను నోరు తెరుద్దామనుకున్న. బొమ్మ మాట్లాడితే ముసలి పానం ఆగుతదేమోనని నోరు మూసుకున్న.

ఆమె లోపలికి పోయి పసుపు, కుంకుమ, నిప్పుల గరిటె తెచ్చి, అట్టముఖానికి బొట్టు పెట్టింది. మెడల నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండ ఏసింది. తర్వాత చేతులు జోడించి మొక్కింది.

"తల్లీ, మా మౌనిక పనిచేసే షాపుల ఒక పోరడున్నడట. చీరెలు మడత పెట్టుకుంట మా పిల్లనే చూస్తడట. ముందుగాల వాని కండ్ల దిష్టి తగలకుంట చూడు."

మీరైతే ఏమనుకుందురో గని, నాకైతే గడ్డి మొత్తం పూలైనట్టయింది. మౌనిక నా గురించి ఇంట్ల చెప్పింది! తిట్టిందో పొగిడిందో తర్వాత సంగతి. చెప్పింది.

ఆ సంబురంల ఉండంగనే నాయినమ్మ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టు తిప్పి, థూ థూ అని ఉమ్మి, నిప్పుల గరిటెల ఏసింది. పొగ సక్కగ అట్టముఖం కిందికెళ్లి నా ముక్కుల జొచ్చింది. ఆపిన. కండ్లెంబడి నీళ్లు కారినయి, అయినా ఆపిన. ఆఖరుకు తుమ్మిన తుమ్ముకు గుండీలు తెగి అంగి తెరుచుకున్నది, గడ్డి నాయినమ్మ మీద పడ్డది.

పానం ఆగుడు సంగతి దేవుడెరుగు, ఆమె నిప్పుల గరిటె కింద పెట్టి చీపురు అందుకున్నది. బొమ్మకు దయ్యం పట్టిందని ఒర్లుకుంట ఈపు మీద ఏసింది. నేను మెట్లెక్కి డాబా మీదికి ఉరికిన. ఎనుక గడ్డి, ఆ గడ్డి ఎనుక నాయినమ్మ. పైనున్న షాపోళ్లు ఇది మా ఇద్దరి ప్రోగ్రామ్ అనుకొని చప్పట్లు కొట్టిండ్రు. ఉరుకుతుంటే నాలుక కాళ్లల్ల పడి, అట్టముఖం ఊడి, మౌనిక కేక్ టేబుల్ ముంగట బోర్ల పడ్డ.

"ఎవడే వీడు?" అన్నది నాయినమ్మ, చీపురు దించకుంట.

మౌనిక నన్ను చూసింది, నాయినమ్మను చూసింది. "మా షాపుల చీరెలు మడత పెడ్తడు" అని మెల్లగ చెప్పింది.

చప్పట్లు ఆగినయి. ఇగ నా పని ఖతం అనుకున్న. నాయినమ్మ నల్లద్దాలు తీసి నా ముఖం దగ్గరికొచ్చింది. నా కండ్లు ఇంక కారుతనే ఉన్నయి.

"మిరపకాయల ఘాటు బాగ కొట్టిందా బిడ్డా?" అనడిగింది.

తల ఊపిన.

"దిష్టి ఉంటే మిరపకాయలు ఎన్ని కాలినా ఘాటు రాదే, మౌనికా" అన్నది ఆమె. "వీని కండ్లల్ల దిష్టి లేదు. ఉత్త అమాయకపోడు." అని చీపురు పక్కకు పెట్టి, నాకు పెద్ద కేక్ ముక్క పెట్టియ్యమన్నది. మౌనిక పెట్టింది గని నవ్వాపుకోలేక లోపలికి ఉరికింది. ముచ్చట పెట్టుడు ఆడికే ఆగింది. పార్టీ అయ్యేదాంక నేను ఒక మూలకు గోకుకుంట నిలబడ్డ.

తెల్లారి షాపుల మౌనిక కౌంటర్ వదిలి సీదా నా దగ్గరికే వచ్చింది. నా చేతిల చీరె జారిపోయింది.

"నాయినమ్మ అడుగుమన్నది. కొన్న బొమ్మల మీద ఆమెకు నమ్మకం లేదట. అమావాస్యనాడు గేటుకాడ జరసేపు నిలబడ్తవా?"

సంపత్ కుట్టుమిషన్ మీద తల పెట్టి నవ్వుతనే ఉన్నడు. నేను ఎంటనే సరేనన్న. ఈసారి గడ్డి బాధ వద్దని, ఏం డ్రెస్ ఏసుకొని రావాలె అని మాత్రం అడిగిన.

మౌనిక నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది.

"డ్రెస్ ఏం అవసరం లేదు. నువ్వు ఎట్లున్నవో అట్లనే రా, సరిపోతది."

ఇంతకంటె ప్రేమగ ఏ అమ్మాయన్న ఏమంటదో మీరే చెప్పుండ్రి.